విశ్వమున తొలి అయస్కాంతశక్తి

దిక్సూచిలోని ముల్లు ఇంచుమించు ఉత్తరదక్షిణములనే చూపును. భూమికి గల అయస్కాంతక్షేత్రమే దీనికి కారణము. ఇట్టి క్షేత్రము సూర్యునికిని కలదు. విచిత్రమేమన, చుక్కల నడుమ శూన్యముగా తోచు ఆకాశమునందును అది వ్యాపించియున్నది.

దూరనక్షత్రముల కాంతి కొంతవరకు ఒకే దిశగా కంపించుచు వచ్చుచున్నదని 1949లో హిల్ట్‌నర్, హాల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. త్రోవలోని ధూళికణములను ఏదో అయస్కాంతశక్తి వరుసదీర్చి నిలుపుచున్నదని దానివలన తెలియవచ్చినది. 1953లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మీతో కలసి ఆ శక్తిని లెక్కగట్టెను. అది భూక్షేత్రములో సుమారు లక్షవ వంతు మాత్రమే. అయినను వేలకొలది కాంతిసంవత్సరముల మేర పరచుకొనిన దానిని అల్పమనుట యెట్లు?

పాలపుంతలోని విద్యుదావేశము గల వాయువు సుడులు తిరుగుచు, క్షేత్రమును సాగదీసి, మెలిపెట్టి బలపరచును. కాని ఇందొక చిక్కు కలదు. తోడు వేయనిదే పాలు పెరుగు కావు. అట్లే, మొదట లేశమైనను క్షేత్రము లేనిచో వాయువెంత తిరిగినను దానిని పెంచజాలదు. సున్నను ఎంతటి సంఖ్యచే గుణించినను సున్నయే కదా! మరి ఆ మొదటి తోడు ఎచ్చటిది?

1950లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ బీర్మన్ ఒక మార్గము చూపెను. ఎలక్ట్రాను కంటె ప్రోటాను 1836 రెట్లు బరువు. కావున వేడివాయువులో ఒత్తిడి కలిగినపుడు ఎలక్ట్రానులు ముందునకు జరుగును, ప్రోటానులు వెనుకబడును. ఉష్ణోగ్రతయు సాంద్రతయు వేర్వేరు దిశలలో మారుచోట, ఈ ఎడము బ్యాటరీవలె విద్యుత్ప్రవాహమును పుట్టించును. ప్రవాహమున్నచోట అయస్కాంతశక్తియు నుండును. తొలి నక్షత్రములు వెలిగిన కాలమున ఇట్లు జరిగియుండవచ్చును.

తోడు అంతకంటె ప్రాచీనమని మరికొందరందురు. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట విశ్వము పుట్టి చల్లారుచుండగా, మరుగు నీటిలో బుడగలవలె క్రొత్త స్థితి అచ్చటచ్చట లేచి ఢీకొనెననియు, ఆ అలజడిలో క్షేత్రములు జనించెననియు వారి ఊహ.

ఈ వివాదము తీర్చుటకు పాలపుంత పనికిరాదు. పెరుగైన పాలలో తోడు చుక్కను వెదకగలమా? నక్షత్రమండలములు లేని మహాశూన్యములలో వెదకవలెను. అతిశక్తిగల గామాకిరణములు అట్టి శూన్యములను దాటునపుడు కొన్ని ఎలక్ట్రానులుగను పాజిట్రానులుగను మారి, తక్కువ శక్తిగల గామాకిరణములను మరల పుట్టింపవలెను. 2008లో ఆకాశమునకు పంపిన ఫెర్మీ ఉపగ్రహమునకు ఆ రెండవ కిరణములు తగినంతగా కానరాలేదు. క్షేత్రమొకటి ఆ కణములను ప్రక్కకు మరల్చినదని 2010లో నెరోనోవ్, వోవ్క్ అను శాస్త్రజ్ఞులు వాదించిరి. అందులకు భూక్షేత్రములో కోటికోట్లవ వంతైనను అక్కరలేదు! కణములు త్రోవలోని పలుచని వాయువునకే తమ శక్తిని కోల్పోయినవని వేరొక వర్గమువారి వాదము. అదియే నిజమైనచో, ఆ తోడునకు మరియొక సాక్ష్యము వెదకవలసియుండును.