నడుము దెబ్బలు – నాటువైద్యములు : ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చింతకాయ దులుపుచు చెట్టుమీదినుండి జారిపడి మూడు వారములైనది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎక్సరే, స్కానింగు తీసి, నడుములో ఒక వెన్నుపూస ముందువైపున నలిగినదనియు, నరములకు దెబ్బ తగులలేదనియు, ఆపరేషను అక్కరలేదనియు చెప్పి, బెల్టు కట్టుకొనుమన్నారు. మా మేనమామ పుత్తూరు కట్టు కట్టింతమనుచున్నాడు. ఊరిలో మరియొకరు నూనె రాచి, వీపుపై మోకాలు మోపి అదిమి, పూసను స్వస్థానమున కూర్చెదననుచున్నారు. ఎవరి మాట వినవలెను?
— ఒక రైతు, కోడుమూరు

జవాబు: మీ ఉత్తరములో ముగ్గురు వైద్యులు కనబడుచున్నారు, వారిలో మోకాలు మోపెదనను వారిని నేడే నమస్కరించి పంపివేయుడు. నలిగిన పూస చోటు తప్పిన పూస కాదు. దాని ముందుభాగము ఎత్తు తగ్గినది. తగ్గిన ఆ రూపముననే అది సాధారణముగా మూడు మాసములలో అతుకుకొనును గాని, ఎవరి మోకాలికిని లోబడి పూర్వరూపము తాల్పదు. పైగా, ఎత్తునుండి పడినవారికి తరచుగా పూసలు నలుగునది వీపును నడుమును కలియుచోటనే. వెన్నుపాము ముగియునదియు ఇంచుమించు అచ్చటనే, అనగా నడుము పూసలలో మొదటిదానికిని రెండవదానికిని నడుమ. అట్టి చోట విరిగిన యెముక ముక్కను వెనుకకు నెట్టినచో, ఆసుపత్రివారు లేదన్న నరముల దెబ్బను చేతులార తెచ్చుకొన్నట్లగును.

మీ మేనమామగారి మాట వేరు. తిరుపతికి సమీపముననున్న పుత్తూరులో పసరు, గ్రుడ్డుసొన, గుడ్డ, వెదురుబద్దలు చేర్చి కట్టు కట్టు విద్య తరతరములుగా వచ్చుచున్నది. ముంజేయి విరిగి అచ్చటికి పోయి బాగైవచ్చినవారు మన జిల్లాలోను కలరు. చేతికిని కాలికిని బద్ద వేసి కదలకుండ నిలుపుటలో సూత్రమున్నది కనుకనే అది ఫలించుచున్నది. వెన్నెముకను వెదురుబద్దలతో అట్లు బంధించుట సాధ్యము కాదు. ప్రాచీనులకు ఈ భేదము తెలియకపోలేదు: సుశ్రుతుడు భగ్నచికిత్స చెప్పుచు, తొడ, పిరుదు, వెన్ను విరిగినవారిని పలకపై పరుండబెట్టి, మేకులు నాటి కట్టి, కదలనీయకుండ ఉంచవలెనని విధించినాడు. అనగా, పూర్వవైద్యముపై గౌరవము గలవారు సైతము ఇచ్చట పట్టవలసినది కదలకుండ ఉంచుటనేగాని మర్దనమును కాదు. మీ బెల్టు ఆ పలకకు మనుమరాలు. నాకు తోచినంతలో పుత్తూరు ప్రయాణపు కుదుపులకంటె అది మేలు.

అట్లని మంచమునకు అంటుకొనిపోకుడు. వైద్యుడు అనుమతించిన మేర ఇంటిలో నడువుడు; వంగుట, మూటలెత్తుట మానుడు; చుట్ట కాల్చు అలవాటున్నచో అది ఎముక అతుకుటకు శత్రువు. పూస అతికినదని మరల ఎక్సరేలో తేలిన పిమ్మట, తెలిసినవారి యెదుట సేతుబంధాసనము వంటివానితో మెల్లగా ఆరంభింపవచ్చును. పశ్చిమోత్తానాసనము జోలికి మాత్రము ఇప్పుడప్పుడే పోవలదు. మూత్రము బిగిసినను, కూర్చుండు భాగము తిమ్మిరెక్కినను, పాదము వ్రేలాడబడినను, తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే కర్నూలు చేరవలయును.

ప్రశ్న: నేను గుంటమగ్గము నేయువాడను. నడుమునుండి పిక్కవరకు లాగుచున్నది. డిస్కు జారినదన్నారు. కటివస్తి చేయించుకొందునా? హైదరాబాదు ప్రకృతి చికిత్సాలయమునకు పోవుదునా?
— ఎమ్మిగనూరు

జవాబు: 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘముతో పేరెక్కిన మీ ఊరిలో, ముందుకు వంగి పొద్దంతయు గుంటలో కాళ్లాడించుటచే వచ్చు ఈ బాధ ఎందరినో పీడించుచుండును. చరకుడు వాతవ్యాధులలో గృధ్రసి యని వర్ణించినది దీనినే. ఊరట కలిగించు మాట యేమనగా, జారిన డిస్కుచే వచ్చు కాలిలాగుడు చాలమందికి కొన్ని వారములలో, శస్త్రము లేకయే తగ్గును. బయటికి పొడుచుకొనివచ్చిన భాగము తనంతటదియే కృశించుటయు కలదు. కావుననే ఆ సమయమున ఏ వైద్యుని చెంతనున్నను, కీర్తి ఆ వైద్యునికే దక్కును!

కటివస్తిలో మినపపిండితో నడుముపై గట్టు కట్టి, గోరువెచ్చని తైలము నింపి కొంతసేపు నిలుపుదురు. తైలము డిస్కువరకు దిగదు. వేడిమి మాత్రము బిగిసిన కండరములను సడలించును, రోగి నిర్భయముగ నడువగలుగును. ఆ నడకయే అసలు ఔషధము. అమెరికా వైద్యుల సంఘము (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్) 2017లో వెలువరించిన సూచనలలో సైతము దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకంటె ముందు వ్యాయామము, యోగము మొదలైనవానిని పేర్కొన్నారు. అమీర్‌పేటలోని ప్రకృతి చికిత్సాలయము స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లనాటిది, పోగలిగినచో పొండు. కాని అచ్చట నేర్చినదానిని ఇంటిలో సాగింపక, తిరిగివచ్చి మరునాడే ఎడతెగక గుంటలో కూర్చున్నచో ప్రయాణపు ఖర్చు దండుగ. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుడు. కాలిలో బలము తగ్గుచున్నచో మాత్రము తైలమును నమ్మి కాలము గడుపక ఎముకల వైద్యునికి చూపుడు.

ప్రశ్న: నా పెనిమిటి ఆదోనిలో పత్తి బేళ్లెత్తు హమాలీ. పేరులేని పొట్లాలలో ఇచ్చిన పొడి వాడగానే నడుమునొప్పి ఒక్కనాటిలో మాయమైనది. నాలుగు నెలలుగా తినుచున్నాడు. ముఖము ఉబ్బినది. ఆపివేయుమందునా?
— ఆదోని

జవాబు: అమ్మా, ఆపించుడు, అయితే వైద్యుని అడుగక ఒక్కమారుగ ఆపింపకుడు. ఒక్కనాటిలో నొప్పిని మాపి, నెలలలో ముఖమును గుండ్రముగ ఉబ్బించు పొడిలో వేరులతోపాటు స్టెరాయిడు కలిసియుండుననియే అనుమానింపవలెను. అది రక్తములో చక్కెరను పెంచును, ఎముకను గుల్లచేయును. బేళ్లెత్తువానికి ఇంతకంటె అపకారమేమి? చిరకాలము వాడి హఠాత్తుగ మానినచో శరీరము తన సహజరసమును వెంటనే స్రవింపజాలక, నీరసము, వాంతులు, ఒక్కొకప్పుడు ప్రాణాపాయము సంభవించును. మిగిలిన పొట్లమును కొంగున కట్టుకొని పెద్దాసుపత్రికి ఆయనను వెంటబెట్టుకొని పొండు. చక్కెరయు రక్తపుపోటును చూడుమనుడు. మోతాదును ఎట్లు తగ్గింపవలెనో వారే చెప్పుదురు.