ఎత్తని రాయి ఉండకూడదు



ఈ వారం ఒక ఇంగ్లీషు జాతీయం నేర్చుకుందాం: 'లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్'. స్లిప్ టెస్టులో దీనికి నేను "రాయిని తిప్పకుండా వదలరాదు" అని రాసి సున్నా తెచ్చుకున్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. అసలు అర్థం ఏమిటంటే, ఒక పని సాధించడానికి ఉన్న దారులన్నీ వెతికి చూడటం.

దీన్ని మనం 'శాయశక్తులా ప్రయత్నించడం' అంటాం. కానీ చిన్న తేడా ఉంది. పందెంలో మన ఒంగోలు ఎద్దులు బండ లాగేది శాయశక్తులానే. అయితే అక్కడ బండ ఒక్కటే, బలమంతా దాని మీదే. ఈ జాతీయంలో రాళ్ళు చాలా. మా తాత వాగులో ఎండ్రకాయల కోసం రాళ్ళెత్తి చూసేవాడు. ఒకదాని కింద లేకపోతే విసుక్కోకుండా పక్కది ఎత్తేవాడు. అదీ దీని భావం.

మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. అదీ చాలక, పరీక్ష ఫీజు 3 రూపాయల కోసం తన పట్టుచీర తాకట్టు పెట్టారు. ఆ పిల్లవాడే ఇంగ్లండులో బారిస్టరు చదివి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

వాక్యంలో వాడుక: 'హిస్ మదర్ లెఫ్ట్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్ టు ఎడ్యుకేట్ హిమ్.'

గమనిక: జరిగిపోయిన దాని గురించి చెప్పేటప్పుడు 'లీవ్' బదులు 'లెఫ్ట్' రాయాలి. మిగతా మాటలు మారవు.

ఇప్పుడు మన సంగతి. సంక్రాంతికి ఇంటికెళ్ళిన మన గది మిత్రుడు ఇంకా రాలేదు. అమ్మానాన్నలతో మిరపకోతలకు పోయాడట. వాడి పెట్టె తాళం వేసినట్టే ఉంది. ఒకసారి కబురు పంపాం, జవాబు రాలేదు. 'మనం చేసేది చేశాం' అనుకుని ఊరుకున్నాం. కానీ మిత్రులారా, మనం ఎత్తింది ఒక్క రాయే!

వార్డెన్ గారూ, ఈ ఆదివారం మాలో ఇద్దరిని వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్దాం సార్. నాన్న ఒప్పుకోకపోతే అమ్మను అడుగుదాం. అక్కడా కాకపోతే కూలీల మేస్త్రిని అడుగుదాం. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. వాడు రాని రోజుల నోట్సు మొత్తం నేను రాసి ఉంచాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
10వ తరగతి