లినక్స్ మొరాయిస్తే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

చిరంజీవి మేనకోడలికి,

కాలేజీ ల్యాబులో పాత కంప్యూటర్లకి లినక్స్ ఎక్కించి చూసుకునే పని నీకూ నీ స్నేహితులకీ అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఎక్కడైనా చిక్కుకుంటే ఎవరిని అడగాలో కనుక్కోమన్నావట. ఎవరిని అడగాలన్నది చిన్న సంగతి. ఎలా అడగాలన్నదే పెద్దది. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి ఈ ఉత్తరం.

లినక్స్ కథలోనే ముందుగా వచ్చేది ఒక ప్రశ్న. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ 1991 జూలై 3న మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల చర్చా బృందంలో ఒక సందేహం పెట్టాడు. మినిక్స్ మీద తాను చేస్తున్న పనికి పోసిక్స్ ప్రమాణాల నిర్వచనం కావాలి, వీలైతే కంప్యూటర్లో చదవగలిగే రూపంలో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి అని అడిగాడు. ఏం కావాలో, ఎందుకు కావాలో, ఏ రూపంలో కావాలో మూడూ రెండు వాక్యాల్లో ఉన్నాయి. ఆ ప్రశ్న చూసిన అరి లెమ్కె అనే ఆయన, ఈ కుర్రాడేదో ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాడని పసిగట్టి, అందరూ దించుకోవడానికి వీలుగా సర్వర్లో చోటిచ్చాడు. ఆగస్టు 25న టోర్వాల్డ్స్ మళ్లీ రాశాడు. ఈసారి తన పని సంగతి బయటపెట్టి, మినిక్స్‌లో మీకేది నచ్చింది, ఏది నచ్చలేదు అని అడిగాడు. సర్వర్లో ఆ డైరెక్టరీకి లినక్స్ అని పేరుపెట్టింది కూడా లెమ్కెయే.

ఇప్పుడు మన గ్రూపుల్లో రోజూ కనిపించే ప్రశ్న చూడు: "అన్నా, సిస్టం పనిసెయ్యట్లేదు, ఏటి సెయ్యాలి?" సాయం చేసే మనసున్నవాళ్లు కూడా దీనికి జవాబివ్వలేరు. ఏ లినక్స్, ఏ వెర్షన్, ఏం చేస్తుండగా ఆగింది, తెర మీద ఏం రాసి ఉంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అని తిరిగి అడగాలి. ఆ అయిదు జవాబులూ ముందే ఉంటే మొదటి మాటకే దారి దొరుకుతుంది. ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ కలిసి 2001లో ప్రశ్నలు తెలివిగా అడగడం ఎలా అని ఒక వ్యాసం రాశారు. దాని గొంతు కాస్త గట్టిదే, కొత్తవాళ్లని భయపెడుతుంది కూడా. అయినా విషయం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు. ఓపిక చేసుకుని చదువు.

ఇంకో చిక్కుంది. అడిగేవాళ్లు అసలు సమస్యని వదిలేసి, తాము ఊహించుకున్న మందుని అడుగుతారు. విండోస్, లినక్స్ రెండూ ఉన్న లాప్‌టాప్‌లో డీ డ్రైవులోకి ఫైలు కాపీ కాదు. కుర్రాడు అది అనుమతుల సమస్య అనుకుని, అన్ని ఫైళ్లకీ ఒకేసారి పూర్తి అనుమతి ఇచ్చే కమాండ్ ఏమిటని అడుగుతాడు. ఎవరో సీహెచ్‌మాడ్ 777 అని చెప్తారు. అది డీ డ్రైవుని బాగుచెయ్యదు సరికదా, సిస్టం డైరెక్టరీల మీద ప్రయోగిస్తే, రూట్ అధికారం ఇచ్చే సుడో కూడా పనిచెయ్యడం మానేస్తుంది. నిజంగా జరిగింది వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండటంతో అది పూర్తిగా ఆగకుండా సగం నిద్రలోకి వెళ్లింది. అలా వదిలేసిన డ్రైవుని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, సరిగ్గా షట్‌డౌన్ చేస్తే చాలు. "డీ డ్రైవులోకి కాపీ కావట్లేదు, ఇదీ ఎర్రర్" అని అడిగి ఉంటే పది నిమిషాల పని.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో లినక్స్ చూసుకునేవాళ్లకి మొదట ఎదురయ్యేది కరెంటు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను. తుపాను లేని రోజుల్లో కూడా కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే ఈ ఒక్క సమస్యని లోతుగా అర్థం చేసుకోవడం నీకు అన్నిటికంటే ముందు అవసరం.

మన సిస్టంలలో ఎక్కువగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం, డిస్కు మీద చెయ్యబోయే మార్పులని ముందు జర్నల్ అనే చోట రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి ఆన్ చేసినప్పుడు ఆ జర్నల్ చూసి సగంలో ఆగిన పనిని సరిచేస్తుంది. అయితే మామూలు అమరికలో జర్నల్లోకి వెళ్లేది ఫైళ్ల లోపలి విషయం కాదు, ఏ ఫైలు ఎక్కడుంది, ఎంత పెద్దది అన్న వివరాలు మాత్రమే. అందుకే డైరెక్టరీలన్నీ క్షేమంగా ఉండి, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు మాత్రం ఖాళీగా కనిపించవచ్చు. అది లినక్స్ చేసిన ద్రోహం కాదు, ఆ జర్నల్ ఇచ్చిన హామీ అంతవరకే.

ఒక్కోసారి జర్నల్ కూడా సర్దలేని నష్టం జరుగుతుంది. అప్పుడు డెస్క్‌టాప్ రాదు, నల్లటి తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని రాసి, ఫలానా విభాగాన్ని చేత్తో సరిచేయమని అడుగుతుంది. చాలామంది ఇక్కడే బెదిరిపోయి సీడీ పెట్టి మొత్తం మళ్లీ ఎక్కించేస్తారు, అందులో ఉన్న పిల్లల ప్రాజెక్టులన్నీ పోతాయి. తెర మీద ఉన్నది తాపీగా చదివితే విభాగం పేరు అక్కడే ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే అని కొట్టి, ఆ పేరు ఇచ్చి, అది అడిగినవాటికి అవునని చెప్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఎఫ్‌ఎస్‌సీకేని ఎప్పుడూ వాడుకలో ఉన్న, అంటే మౌంట్ అయి ఉన్న విభాగం మీద నడపకూడదు. నడిపితే బాగున్నది కూడా పాడవుతుంది.

సిస్టం లేచిందని అక్కడితో వదలకు. జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ ఒకటి అని కొడితే కిందటిసారి నడిచినప్పటి చిట్టా మొత్తం వస్తుంది. కరెంటు పోవడం వల్ల ఆగినదైతే చిట్టా మాట మధ్యలో తెగిపోయినట్టు ఆగిపోతుంది. డిస్కే చెడిపోతుంటే చివరి వరుసల్లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరసగా కనిపిస్తాయి. అప్పుడు స్మార్ట్‌సీటీఎల్ నడిపి, డిస్కు తన గురించి తాను రాసుకున్న లెక్కలు చూడాలి. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల సంఖ్య రోజురోజుకీ పెరుగుతోందంటే ఎఫ్‌ఎస్‌సీకే జోలికి పోకుండా ముందు డీడీరెస్క్యూతో ఉన్నదంతా వేరే డిస్కుకి ఎత్తుకోవాలి. ఈ రెండు పరిస్థితులకీ తెర మీద లక్షణం ఒకటే, మందు వేరు. సాయం అడిగేటప్పుడు ఆ చిట్టాలో చివరి యాభై వరుసలు జతచేస్తే, ఎక్కడో జర్మనీలో కూర్చున్నవాళ్లు కూడా ఏది ఏదో విడదీసి చెప్పగలరు.

వైఫై సంగతి తొందరగా చెప్తాను. చాలాసార్లు లోపం లినక్స్‌లో ఉండదు, ఆ చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ ఉండదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే పెడుతున్నారు కాబట్టి బాధ తగ్గింది. పాతవాటికి ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి నెట్ తెచ్చుకుని ప్యాకేజీ దించుకోవచ్చు.

ఇక మన భాష సంగతి. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ల్యాబు కంప్యూటర్లలో తెలుగు లొకేల్ పెట్టమని నువ్వే అందరికీ చెప్పాలి, మెనూలు తెలుగులో కనిపిస్తే పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి బెరుకు పోతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో కూడా తెలుగు ఉంది. అది గ్రాఫికల్ పద్ధతిలో మాత్రమే కనిపిస్తుంది. అక్షరాల కన్సోల్‌లో ఎక్కువలో ఎక్కువ 512 ఆకృతులే పడతాయి, గుణింతాలనీ ఒత్తులనీ పేర్చే ఏర్పాటు అక్కడ లేదు. అందుకే డెస్క్‌టాప్ పోయి కన్సోల్‌లోకి పడినప్పుడు తెలుగు సందేశాలు డబ్బాల్లా కనిపిస్తాయి. సాయం అడిగేటప్పుడు కమాండ్‌కి ముందు ఎల్‌సీ_ఆల్ ఈజ్ ఈక్వల్ టు సీ అని చేర్చి నడుపు. ఆ ఒక్కసారికి ఎర్రర్ ఇంగ్లిష్‌లో వస్తుంది, అదే వాక్యంతో వెతికితే ప్రపంచంలో ఇంకెవరికి ఇదే కష్టం వచ్చిందో దొరుకుతుంది. తెలుగు మెనూ వాడుకోవడానికి, ఇంగ్లిష్ ఎర్రర్ పంచుకోవడానికి. రెంటికీ తగవు లేదు.

డెబియన్లో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ పెడితే లోహిత్‌తో పాటు దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. సిలికానాంధ్ర సంస్థ ముందుకు తెచ్చిన ఫాంట్లలో రెండు మన ప్రాంతపు పేర్లతోనే ఉన్నాయి: ఒకటి గిడుగు, రెండోది గురజాడ. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో జీవితం గడిపిన గురజాడ అప్పారావు. ఇద్దరూ వాడుక భాష కోసం పోరాడినవాళ్లు. ఆ ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫైళ్లని నీ హోమ్‌లో ఫాంట్ల డైరెక్టరీలో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ నడిపితే అన్ని ప్రోగ్రాంలలోనూ కనిపిస్తాయి.

ఏదో ఒక పదంలో ఒత్తు పక్కకి జరిగిందనుకో. అదే పదాన్ని వేరే ఫాంటులో పెట్టి చూడు. అక్కడ సరిగ్గా ఉంటే లోపం మొదటి ఫాంటుది. ఏ ఫాంటుతోనైనా ఒక్క ప్రోగ్రాంలోనే తప్పుగా వస్తుంటే లోపం ఆ ప్రోగ్రాంది. అన్ని ఫాంట్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో కూడా తప్పే అయితే అక్షరాలని పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని అనుమానించాలి. అది చాలా అరుదు. ఈ మూడు పరీక్షలూ చేసి, తప్పుగా వచ్చిన పదం, దాని సరైన రూపం బొమ్మగా, ఫాంటు వెర్షన్‌తో సహా పంపితే, తెలుగు అక్షరం ముక్క రాని ప్రోగ్రామర్ కూడా దిద్దగలడు. ఆ తప్పుని కనిపెట్టడం మాత్రం అతని వల్ల కాదు. మన పక్క నుంచి ఎవరూ చెప్పకపోతే ఆ ఒత్తు అలాగే పక్కకి జరిగి ఉండిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లం, మనం సమాజానికి ఏమివ్వగలం అని నీ ఈడువాళ్లు అనుకుంటారు. ఇదిగో, నీకు తెలుగు వచ్చు, అదే ఇవ్వగలవు.

తెలుగుకే కాదు. గిడుగు ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి రాసుకుంటూ సవర భాష నేర్చుకున్నారు, వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆ భాషకి మంగై గొమాంగో 1936లో సోరంగ్ సోంపెంగ్ లిపిని తయారుచేశాడు. అది 2012లో యూనికోడ్ 6.1తో ప్రమాణంలో చేరింది, నోటో ఫాంట్లలో కూడా ఉంది. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర విద్యార్థులు మీ కాలేజీలో ఉంటే, వాళ్లని కూర్చోబెట్టి ఆ లిపి తెర మీద సరిగ్గా వస్తోందో లేదో చూపించు. ఆ లోపాలు రాసి పంపేవాళ్లు తెలుగువాళ్లకంటే కూడా తక్కువ.

చిన్న తేడాని పట్టించుకోవడం ఎంత దూరం వెళ్తుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రోగ్రామర్, తన డెబియన్ పరీక్షా కంప్యూటర్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ కావడానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఇంకొకరైతే వదిలేసేవారు. ఆయన కొలిచాడు. సెకనులో మూడో వంతు కంటే తక్కువ పట్టే పనికి ఎనిమిది పదోవంతులు పడుతోంది. కారణం తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని తేలింది. మార్చి 29న ఆయన కొలతలతో, ఆధారాలతో బయటపెట్టాడు. అది ఇంకా స్థిర విడుదలల్లోకి పాకకముందే ఆపగలిగారు. ఆయన భద్రతా నిపుణుడు కాడు, తన పనిలో అనుమానం వచ్చి అడిగిన మనిషి.

ఆ అనుమానం జవాబులు అందుకునేటప్పుడూ ఉండాలి. తెలియనివాళ్లు ఇచ్చిన కమాండ్‌ని అర్థం కాకుండా సుడోతో నడపకు. ముందు మ్యాన్ పేజీ తెరిచి ఒక్కో గుర్తుకీ అర్థం చూడు. నెట్ నుంచి దించి నేరుగా రూట్ అధికారంతో నడిపించే ఒంటి వరుస కమాండ్లని అసలే నమ్మకు. మంచి మనసుతో సలహా ఇచ్చినవాళ్లు కూడా నీ డిస్కు పేరు తెలియక తమ డిస్కు పేరు రాసేస్తారు. డీడీ కమాండ్‌లో ఒక్క అక్షరం తేడాతో పెన్‌డ్రైవ్ బదులు హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది.

అడగడానికి మనుషులు మన దగ్గరా ఉన్నారు. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తీసుకొచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు, అంటే గ్నూ లినక్స్ వాడేవాళ్ల సంఘాలు, నడిపింది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, రాజాం, టెక్కలి కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలు వేలల్లో ఉంటారు. మీ కాలేజీలో గ్లగ్ లేకపోతే మీరే మొదలుపెట్టండి. ప్రతి కంప్యూటర్‌కీ ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, లక్షణం, ఏం చేశారు, ఏం తేలింది రాయండి. సమస్య తీరాక జవాబిచ్చినవాళ్లకి ఏ మాటతో తీరిందో తిరిగి రాయండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్లకి సగం కథే దొరుకుతుంది.

ల్యాబులో ఒక కంప్యూటర్‌కి వైఫై రావట్లేదని మీ అమ్మ అన్నది. దాని మీద ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్ఎన్‌కే, ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ నడిపి, రెండింటి ఫలితాలూ, డీఎమ్ఈఎస్‌జీలో ఫర్మ్‌వేర్ అన్న మాట ఉన్న వరుసలూ ఒక ఫైల్లో పెట్టి పంపు. ఫోటో తీసి పంపకు, అక్షరాలుగానే పంపు. ఏ డెబియన్ వెర్షనో పైన రాయి. అప్‌డేట్ చేసిన తర్వాత ఆగిందా, మొదటి నుంచీ రావట్లేదా అన్నది కూడా చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య