పశు ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: మూలికా పొడులు, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు

ప్రశ్న: సంకరజాతి ఆవుకు రోజూ 6 కిలోల దాణా, పైగా తవుడు పెడుతున్నా పాలలో వెన్న శాతం తగ్గింది. ఏ మూలికా పొడి వాడాలి?
— ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: లేఖలో దాణా లెక్క ఉంది గాని గడ్డి లెక్క లేదు, లోపం అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. గడ్డిలోని పీచును అరిగించేది నిజానికి ఆవు కాదు, దాని పెద్దపొట్టలో నివసించే బాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు. అవి పీచును పులియబెట్టినప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లమే పొదుగులో వెన్న తయారీకి ముఖ్యమైన ముడిసరుకు. గడ్డి తగ్గితే నెమరు తగ్గుతుంది, దానితోపాటు పొట్టలోని పులుపును విరిచే లాలాజలమూ తగ్గుతుంది. పీచును అరిగించే బాక్టీరియా ఆ పులుపును తట్టుకోలేవు, తవుడులోని నూనె వాటిని మరింత కుంగదీస్తుంది. ఎండుగడ్డి, పచ్చిమేత పెంచి, తవుడు తగ్గించి, దాణాను విడతలుగా పెట్టిన తరువాతే పొడి ప్రస్తావన.

ప్రశ్న: గేదెలకు సుబాబుల్ ఆకు పెట్టవచ్చా?
— ఖమ్మం జిల్లా

జవాబు: మొత్తం మేతలో మూడో వంతు మించకుండా పెట్టవచ్చు. ఈ ఆకులోని మైమోసిన్ నుంచి పుట్టే విషాన్ని విరిచే బాక్టీరియా హవాయి మేకల పొట్టలో ఉన్నట్లు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ కనుగొనగా, 1980లలో వాటిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు.

ప్రశ్న: వెల్లుల్లి, వాము, కుంకుడు రసం, నల్లతుమ్మ కాయల పొడి నూనెలో కలిపి రోజూ గొట్టంతో తాగిస్తే మీథేన్ తగ్గి పాలు రెట్టింపవుతాయని ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. మోతాదు తెలపగలరు.
— నల్గొండ జిల్లా

జవాబు: ఈ మిశ్రమానికి మోతాదు ఇవ్వడం కుదరదు. వీడియోలో ప్రతి దినుసు వెనుకా కొంత శాస్త్రం ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. కుంకుడులో నురుగునిచ్చే సాపోనిన్లు ప్రోటోజోవా పొరను చీల్చుతాయి. తుమ్మకాయలోని వగరు పదార్థమైన టానిన్ మాంసకృత్తులను పట్టి ఉంచి పెద్దపొట్టలో వృథా కాకుండా కాపాడుతుంది. వాములోని థైమాల్ కొన్ని బాక్టీరియాను అణచివేస్తుంది. పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించాక ఇటువంటి మొక్కల పదార్థాలపై పరిశోధన మరింత ఊపందుకుంది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ కూడా టానిన్ గల మొక్కలతో ‘హరిత ధార’ అనే మిశ్రమాన్ని రూపొందించింది. అయితే అవన్నీ కొలిచి, పరీక్షించి ఇచ్చేవి. టానిన్ మేతలో 5 శాతం దాటితే పశువు మేత తినడం తగ్గిస్తుంది. థైమాల్ హెచ్చితే పీచును అరిగించే బాక్టీరియాకే ముప్పు. తక్కువైతే కొన్ని వారాలలో సూక్ష్మజీవులు అలవాటు పడి ఫలితం మాయమవుతుంది. వెల్లుల్లి వాసన పాలలోకి దిగుతుంది, పాల కేంద్రంలో వాటిని తిప్పి పంపిస్తే ఆ నష్టం వీడియో తీసినవారు భరించరు. ఇక రెట్టింపు మాట: మీథేన్ రూపంలో పోయేది మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం మాత్రమే, దానిని పూర్తిగా ఆపినా పాలు రెట్టింపు కావు. అన్నిటికన్నా ఘోరం గొట్టం. తల ఎత్తిపట్టి నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాతో పశువు చనిపోవచ్చు. ఆ పని ఈ రోజే మానాలి.

ప్రశ్న: ఉన్నది ఒక్కటే ఆవు. పెళ్లిలో మిగిలిన అన్నం తిని రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, నెమరు లేదు. జీర్ణానికి మూలికా పొడి కొననందువల్లే ఇలా జరిగిందా?
— ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాదు. పొడి కొననందుకు బాధపడవలసిన పని లేదు, ఏ పొడీ దీనిని ఆపగలిగేది కాదు. అన్నంలోని పిండిపదార్థాన్ని కొన్ని బాక్టీరియా వేగంగా లాక్టిక్ ఆమ్లంగా మార్చడంతో పెద్దపొట్ట పులిసి, మిగిలిన సూక్ష్మజీవులు చనిపోతాయి, పశువు ఒంట్లో నీరు తగ్గుతుంది. కాని రెండు రోజులు ఆగి ఉత్తరం రాయడం తగని పని. ఇది ప్రాణాంతక స్థితి, ఈ జవాబు అచ్చయ్యేదాకా వేచి ఉండరాదు. పశువైద్యుడు సెలైన్ ఎక్కించి, పులుపు విరిచే మందు ఇచ్చి, అవసరమైతే ఆరోగ్యంగా ఉన్న మరో పశువు పెద్దపొట్టలోని ద్రవాన్ని దీని పొట్టలోకి పంపి సూక్ష్మజీవులను తిరిగి నెలకొల్పుతారు.