నుదుటి సూదికి ముందు ఆ సంతకం

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వచ్చే నెల. నుదుటి మీది ముడతలు పోతాయని ఇక్కడి బ్యూటీపార్లర్ వాళ్లు బొటాక్స్ సూది వేస్తామంటున్నారు. ‘ఏం జరిగినా మాకు సంబంధం లేదు’ అన్న కాగితం మీద దస్కత్ చెయ్యమంటున్నారు. చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, మెదక్

జవాబు: అమ్మా, ముందు సూది వేసేది ఎవరో తేల్చుకోండి. అది ఫేషియల్ కాదు, కండరాన్ని కొన్నాళ్లు పని చేయకుండా ఆపే మందు. డాక్టర్ పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ‘హైదరాబాద్ నుంచి సార్ వస్తారు’ అంటే సరిపోదు, ఆ సారుకీ నంబరుండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక ఆ కాగితం. మీరు సంతకం చేసినా, నిర్లక్ష్యం జరిగితే అది వాళ్లను కాపాడదు. సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చేయబోయేదేమిటి, లాభమెంత, ముప్పేమిటి, వేరే దారి ఉందా అన్నది వివరించాకే అది సమ్మతి. ఒకదానికి ఒప్పుకుంటే ఇంకోదానికి ఒప్పుకున్నట్టు కాదు. నుదుటికని కూర్చోబెట్టి ‘పెదాలకు కూడా కొంచెం’ అంటే మళ్లీ అడగాల్సిందే. కాబట్టి ఆ వాక్యం కొట్టేయమనండి, ముప్పులు రాసిన తెలుగు కాగితం అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

మీరూ దాచకూడదు. రక్తం పలచబడే మాత్రలు, కండరాల జబ్బు ఉంటే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేయించుకోకూడదు. పని మూడు నాలుగు రోజులకు మొదలై రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. పెళ్లి ముందు వారం పెట్టుకోకండి. సీసా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బిల్లు మరవకండి. బిల్లు ఇవ్వని చోట తగ్గించిన ధర ఎందుకు?

కనురెప్ప వాలినంత మాత్రాన నిర్లక్ష్యం అనలేం. జాగ్రత్తగా చేసినా అలా జరగొచ్చు, సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చెప్పకుండా చేయడం, డాక్టర్ కాని చెయ్యి వేయడం, గడువు దాటిన మందు: ఇవి వేరు. మీ వైద్య రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని హైదరాబాద్‌కు చెందిన కిషన్‌రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. హైదరాబాద్‌లో వేయించుకున్నా, మీరుండే జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేదనుకోకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి.