సీజన్‌లో కంప్యూటర్ మొరాయిస్తే: హార్డ్‌డిస్కు బ్యాకప్‌లో చేయవలసినవి, చేయకూడనివి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాకు దగ్గడానికి కూడా తీరిక ఉండదు, దగ్గు మాత్రం వస్తూనే ఉంటుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతుంటాయి, కాటాలు పడుతుంటాయి, రైతు బండి కట్టేలోపు లెక్క పట్టీ చేతిలో పెట్టాలి. అలాంటి ఒక మార్చి మధ్యాహ్నం నేను లెక్కలు చూసే కొట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల గీత ఒకటి మినుకుమినుకుమంటూ అక్కడే ఆగిపోయింది. డబ్బా దగ్గర చెవి పెడితే టిక్, టిక్ అని చప్పుడు. "బ్యాకప్ ఉందిగా బాబాయ్, భయమెందుకు" అన్నాడు కుర్రాడు. ఉంది. ప్రతి శనివారం డి డ్రైవునూ డెస్క్‌టాపునూ పెన్‌డ్రైవులోకి కాపీ చేసేవాడు పాపం. ట్యాలీప్రైమ్ లెక్కలేమో సి డ్రైవులో, యూజర్స్ లోపల పబ్లిక్ అనే ఫోల్డరులో కూర్చుని ఉన్నాయి. మనం మార్చకపోతే అది లెక్కలు దాచుకునే చోటు అదే. మూడు నెలల పద్దులు కాగితం పట్టీలు ముందేసుకుని మళ్లీ కొట్టాం. పది రాత్రులు పట్టింది.

కాబట్టి ఫైళ్లు ఏరి కాపీ చేసి అదే బ్యాకప్ అనుకోకండి. డిస్కు మొత్తానికి ఇమేజ్ తీయండి. విండోస్, ట్యాలీ, ప్రింటర్ సెట్టింగులు, ఫాంట్లు, లెక్కలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు మూట కట్టడమే ఇమేజ్. కొత్త డిస్కు బిగించి ఆ మూట విప్పితే మూట కట్టిన నాటి కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. దీని విలువ మా కంటే డీటీపీ వాళ్లకు బాగా తెలుసు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డులు కంపోజ్ చేసే పాత యంత్రాలు మన ఊళ్లలో ఇంకా నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని సీడీ ఏ అటక మీద ఉందో ఎవరికీ గుర్తుండదు. ఫైలు దాచుకుని ఫాంట్లు పోగొట్టుకుంటే, "చి.ల.సౌ." ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనపడతాయి.

ఇక ఉచిత సాఫ్ట్‌వేర్ల సంగతి. అవి బ్యాకప్ ఎంత సులువుగా తీస్తాయో చూసి మోసపోకండి, ఎలా తిరిగి ఇస్తాయో చూడండి. ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) సరుకు దించుకునేటప్పుడు అందరూ మర్యాదగానే ఉంటారు, తీసుకునేటప్పుడే కదా తెలిసేది. కొన్ని ఉచిత కూర్పులు ఇమేజ్ తీసి ఇస్తాయి గానీ, డిస్కు నుంచి డిస్కుకు నేరుగా మార్చాలన్నా, వేరే కంప్యూటర్‌లోకి దించాలన్నా డబ్బు కట్టమంటాయి. కొన్ని ఇంటి వాడకానికే ఉచితం, కొట్టుకు కాదు. ఆ షరతు ముందే చదవండి.

కంపెనీ ఉచితంగా ఇచ్చేది ఎప్పుడైనా ఆపేయవచ్చు. ఎంతోమంది నమ్మిన మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత కూర్పుకు 2024 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సౌకర్యం కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 పేరుతో ఇప్పటికీ కనపడుతుంది. కానీ ఇక దాన్ని మెరుగుపరచబోమని, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ చూసుకోమని మైక్రోసాఫ్టే 2017లో చెప్పింది. సీగేట్, వెస్టర్న్ డిజిటల్ వాళ్లు తమ డిస్కు కొన్నవాళ్లకు అక్రోనిస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు. వాళ్ల డిస్కు తగిలించి ఉంటేనే అది పనిచేస్తుంది.

నా ఓటు రెస్క్యూజిల్లాకు. తైవాన్ జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రం వాళ్ల క్లోన్‌జిల్లాకు ఇది మౌసుతో నడిపే తమ్ముడు లాంటిది. ఒకరు తీసిన ఇమేజ్ రెండోవారు విప్పగలరు. రెండూ ఓపెన్ సోర్సు. ఇల్లా, కొట్టా, మిల్లా అనే పేచీ లేదు. పెన్‌డ్రైవులో ఎక్కించి దానితోనే కంప్యూటర్ లేపుతాం కాబట్టి, లోపలి విండోస్ చచ్చినా బతికినా దానికి పట్టదు. పని జరిగినంతసేపు కొట్లో బిల్లు కొట్టడం కుదరదు, అదొక్కటే ఇబ్బంది.

రెస్క్యూజిల్లా తెర మీద తొందరపడకండి. అక్కడ సి, డి అనే పేర్లుండవు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటివి ఉంటాయి. కంపెనీ పేరు, సైజు చూసి, ఏది మన డిస్కో ఏది బయటిదో కాగితం మీద రాసుకున్నాకే నొక్కండి. డిస్కు నుంచి డిస్కుకు క్లోన్ చేసేటప్పుడు రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. అది ఒకటికి రెండుసార్లు అడుగుతుంది, మనమే చదవకుండా సరే సరే అంటాం. కొత్తవాళ్లు క్లోన్ జోలికి పోకుండా ఇమేజ్ తీయడమే మేలు.

కొత్త విండోస్ 11 యంత్రాల్లో చాలావాటి డిస్కుకు బిట్‌లాకర్ తాళం తనంతట తానే పడి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ ఏసీ బాండు లాంటిది. టిక్కీలు మనవే అయినా బాండు లేనిదే గేటు దాటవు. ఇమేజ్ తీసేముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి కీ కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టండి. ఆ కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచకండి, నవ్వకండి, అలా దాచినవాళ్లున్నారు.

బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లూ చిక్కాయి, వాటిలో గుంటూరు జిల్లావీ ఉన్నాయి. అది వాడుకున్న లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది, వేసుకోనివాళ్లే దొరికారు. అలాంటి వైరస్ కంప్యూటర్‌తో ఆగదు, తగిలించి ఉన్న ప్రతి డ్రైవులో ఫైళ్లకూ తాళం వేస్తుంది. పని కాగానే ఊడదీసి లోపల పెట్టండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లలో ఉన్నాయిలే అనుకోకండి. ఇక్కడ చెడిన ఫైలు అక్కడా చెడినట్టే చేరుతుంది.

ఒక బ్యాకప్ డిస్కు కొట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉంచండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కొట్లోనూ ఇంట్లోనూ ఒకేసారి నీళ్లు రావడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి, బయటి డిస్కును యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి, చాలా కంప్యూటర్లలో అది నీలం రంగులో ఉంటుంది. సెకనుకు 100 ఎంబీ వేగం వస్తే 200 జీబీ అరగంట పైచిలుకులో అయిపోతుంది. పాత పోర్టులో దాదాపు రెండు గంటలు. ఈలోగా కరెంటు పోయిందంటే మళ్లీ మొదటికే. అంతసేపు నడిచే యంత్రం వేడెక్కకుండా, పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లు ముందే డబ్బా తెరిచి ఫ్యాను చూసుకోవాలి. చిలకలూరిపేటలో ఒక మిల్లు కంప్యూటర్ విప్పితే ప్రాసెసర్ మీద దూది కుచ్చు, చలికాలం టోపీ పెట్టినట్టు ఉంది. డిస్కు ఇప్పటికే టిక్‌టిక్‌మంటుంటే ఏ సాఫ్ట్‌వేరూ నడపకండి. ఆపేసి, డేటా తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

వెతికితే పైన వచ్చే ప్రకటన లింకుల నుంచి దింపుకోకండి. రెస్క్యూజిల్లా డాట్ కామ్, క్లోన్‌జిల్లా డాట్ ఆర్గ్ అని మీరే టైపు చేయండి. డబ్బుల సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసి ఇస్తానన్నవాణ్ని గుమ్మం ఎక్కనివ్వకండి.

ప్రపంచ బ్యాకప్ దినమని ఒకటుంది, మార్చి 31న. ఏడాది లెక్కలు కట్టే రోజునే పెట్టారు, ఎవరో కొట్టు నడపని మహానుభావులు. మనకు యార్డు సెలవున్న ఆదివారాలు చాలు, నెలకొకటి. మేలో యార్డుకు వేసవి సెలవులిచ్చాక అసలు పరీక్ష పెట్టండి. పాత డిస్కు ఊడదీసి పక్కన పెట్టి, అంతే సైజుదో పెద్దదో ఖాళీ డిస్కు బిగించి, దాని మీద ఇమేజ్ విప్పండి. కిందటేడు నేను ఒక డీటీపీ మిత్రుడి యంత్రానికి ఇదే చేశాను. నలభై నిమిషాలకు పేజ్‌మేకర్ తెరుచుకుంది. ఆయన ఏదో పాత పెళ్లికార్డు తెరిచి, ఒత్తులూ గుణింతాలూ వేలితో ఒక్కొక్కటే చూసుకుని, "ముహూర్తం కూడా సరిగ్గానే ఉందండీ" అన్నారు.