నీటిలో మునుగువాని వీపుపలకయు, పట్టీల సవరణయు

బాయిలు సూత్రమును పరీక్షకై వల్లించు విద్యార్థులు, అది నీటిలో మునుగువాని నడుముపట్టీకిని వర్తించునని సాధారణముగ నెరుగరు. కావున ఈ పాఠమును ఆ పట్టీతోనే బోధింపదలచితిమి.

1943లో ఫ్రాన్సునందు కూస్తో, గాన్యా అనువారు గాలిసిలిండరుతో నీటిలో స్వేచ్ఛగ సంచరించు సాధనమును నిర్మించిరి. పిమ్మట ఫ్లోరిడా జలగుహలలో దిగువారు సిలిండరును మోయుటకు లోహపు పలకను వాడుక చేసిరి. ఆ పలకకు 5 సెంటీమీటర్ల వెడల్పును, సుమారు 3.6 మీటర్ల పొడవును గల నైలాను పట్టీ యొక్కటియే యుండును. అది పలక పైకంతలనుండి భుజములమీదుగా దిగి, చంకలక్రిందుగా క్రిందికంతలలో దూరి, నడుమునకు వచ్చి బకిలుతో ముగియును. కాళ్లనడుమనుండి వచ్చు వేరొక పట్టీ, పలక తలవైపునకు జరుగకుండ కాపాడును.

సవరణకు ముందు, నీటిలో తొడుగు రబ్బరుదుస్తునే ధరింపవలెను. పలుచని చొక్కాపై కొలతచూచుట వ్యర్థమైన పని. భుజపుపట్టీక్రింద అరచేయి సులభముగ దూరవలెను. పట్టీ మిక్కిలి వదులైనచో పలక క్రిందికి జారి, తలవెనుకనున్న గాలికవాటము చేతికందదు. మిక్కిలి బిగువైనచో చేయి వెనుకకే పోదు. రెండువిధములను ప్రాణాపాయమే. ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున, రెండువైపులను సమముగ లాగవలెను; లేనిచో పలక ఒరుగును. రొమ్ముమీది కడియములు చంకయెత్తున, బొటనవ్రేలికి తగులుచోట నుండవలెను. ఎడమతుంటివద్ద కడియము పీడనమాపకమునకు. బకిలు నడిమికి కొంచెము కుడిగా నుండిన మేలు. కాళ్లనడిమి పట్టీ దానిని ఒరసికొనదు.

ఇక బాయిలు. నీటిపైన పీడనము 1 వాతావరణము; 10 మీటర్ల లోతున 2; 30 మీటర్ల లోతున 4. రబ్బరుదుస్తులోని వాయుబుడగలు 10 మీటర్లకే సగమునకు కుదించుకొనిపోవును. దుస్తు పలుచబడును, ఒడ్డున బిగువుగనున్న నడుముపట్టీ వదులగును, సిలిండరు వీపుపై ప్రక్కకు పొరలును. అందుచేత లోతునకు దిగిన పిదప దానిని మరల బిగించి, పైకి వచ్చునపుడు సడలింపవలెను. భుజపుపట్టీలను నీటిలో సవరించుట సాధ్యము కాదు గనుక, వానిని ఒడ్డుననే సరిచూచుకొని, మొదట లోతులేని నీట పరీక్షింపవలెను.

మిగిలిన కొనను తొందరపడి కోయరాదు. కొన్నిమారులు దిగి, అమరిక కుదిరిన పిమ్మట కత్తిరించి, కొనను నిప్పుసెగకు చూపినచో నైలానుపోగులు కరగి యొకటిగా నంటుకొనును.